క్రొత్త కార్డుల మంజూరు – పాత డిపాజిట్టు కార్డు ముగింపు

కాయకమున ఆర్జించిన ధనమును లెక్కతో నిలుపుకొనుటయు గృహస్థధర్మములో భాగమే. 12వ శతాబ్దమున కల్యాణమందు బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు రాబడి పోకల విలువ నెరిగిన మహనీయుడు. అప్పు చేయకుండుట ఉత్తమము. చేయవలసి వచ్చినచో, దాని కట్టుబాట్లను ముందుగా తెలిసికొనుట వివేకము.

తెలుగువారికి క్రెడిట్ కార్డు నిన్న మొన్నటిది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే దానిని ప్రవేశపెట్టినది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

డిపాజిట్టు కార్డు అనగా నేమి?

ప్రొద్దుటూరులోని చిన్న అంగడివానికి, జమ్మలమడుగు నేతగానికి, పులివెందుల చీనీతోట రైతునకు జీతపు చీటి యుండదు. అట్టివారికి బ్యాంకులు ఫిక్సెడ్ డిపాజిట్టును పూచీగా పెట్టుకొని కార్డు నిచ్చును. డిపాజిట్టుపై వడ్డీ వచ్చుచునే యుండును గాని, కార్డు మూయువరకు ఆ సొమ్మును తీసికొనుటకు వీలులేదు. ఈ కట్టడినే బ్యాంకువారు లీన్ అందురు. బాకీ కట్టనిచో డిపాజిట్టునుండి జమ కట్టుకొందురు. అంతమాత్రమున మచ్చ తొలగదు. ఎగవేత సిబిల్ వంటి సంస్థల నివేదికలో నమోదగును. సక్రమముగా కట్టినవారికి అదే నివేదిక మంచి సాక్ష్యమై, పూచీలేని క్రొత్త కార్డునకు దారి చూపును.

ఒక ఉదాహరణము

ప్రొద్దుటూరున ఒక వస్త్రవ్యాపారి యున్నాడనుకొందము. 50,000 రూపాయల డిపాజిట్టుపై ఆయనకు 40,000 పరిమితి గల కార్డు కలదు. ఇప్పుడు 60,000 పరిమితితో క్రొత్త కార్డు మంజూరైనది. కుమార్తె కళాశాల రుసుమునకై డిపాజిట్టు విడిపించుకొనవలెనని ఆయన తలంపు. నెలకు కార్డుపై వాడుక 24,000. రెండు కార్డులున్నప్పుడు మొత్తము పరిమితి ఒక లక్ష గనుక వాడుక నూటికి 24 పాళ్లు. పాతది మూసినచో అదే వాడుక 60,000పై నూటికి 40 పాళ్లగును. వాడుక నూటికి 30 పాళ్లు దాటకుండుట మేలని సాధారణముగా చెప్పుదురు. దాటినచో స్కోరు తగ్గవచ్చును. అయితే బిల్లు తయారగుటకు ముందే 9,000 చెల్లించినచో మిగులు 15,000, అనగా నూటికి 25 పాళ్లు మాత్రమే. కావున ఆయన నిర్భయముగా పాత కార్డును మూయవచ్చును. కాని త్వరలో ఇంటి ఋణమునకో, అంగడి ఋణమునకో దరఖాస్తు చేయవలసియున్నచో, అది మంజూరగువరకు ఆగుట మంచిది.

క్రొత్త కార్డుల విషయము

ఒక కార్డు వచ్చినదని వరుసగా నాలుగింటికి దరఖాస్తు చేయరాదు. ప్రతి దరఖాస్తునకు బ్యాంకు నివేదికను తెప్పించి చూచును. ఆ విచారణ అందు నమోదగును. స్వల్పకాలములో అనేక విచారణలు కనబడినచో, ఈతడు అప్పునకై తిరుగుచున్నాడని సంశయింతురు. ముందే మంజూరైనదని ఫోనుకు వచ్చు సందేశము తుది మంజూరు కాదు. క్రొత్త కార్డు చేతికంది, పనిచేయునని తేలిన పిమ్మటనే పాతదానిని మూయవలెను.

మూయు క్రమము

మొదట కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు మొదలగు స్వయంచాలక చెల్లింపులను క్రొత్త కార్డునకు మార్చవలెను. కూడిన పాయింట్లను వాడుకొనవలెను. బిల్లులోనికి రాని ఖర్చులతో సహా బాకీ యంతయు తీర్చవలెను. ఆపై మూయుమని వ్రాతపూర్వకముగా కోరి, అందినట్లు నంబరు తీసికొనవలెను. బాకీ లేనిచో 7 పని దినములలో మూయవలెననియు, ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయల వంతున ఖాతాదారునకు చెల్లించవలెననియు రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. కార్డును కత్తిరించినంత మాత్రమున ఖాతా మూతపడదు. బాకీ లేదను పత్రము పొందవలెను. డిపాజిట్టుపై లీన్ తొలగినదా యని విడిగా అడుగవలెను. మూయించెదమని ఫోనుచేసి ఓటీపీ అడుగువారికి ఎంతమాత్రము చెప్పరాదు.

కొంతకాలము తరువాత నివేదికను తెప్పించి, ఖాతా మూసినట్లు నమోదైనదా యని చూడవలెను. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థయు ఏడాదికొకమారు పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెను. తప్పున్నచో ఫిర్యాదు చేయవచ్చును.

వడ్డీ

మన ప్రాంతమున నూటికి మూడు రూపాయల వడ్డీ యన్నచో జనులు బెదరుదురు. కార్డు బాకీ నిలిపినచో పెక్కు కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడియే యుండును. కనీస మొత్తము కట్టినచో ఆలస్యరుసుము తప్పును గాని వడ్డీ తప్పదు. కార్డుతో నగదు తీసినచో సాధారణముగా ఆ దినమునుండియే వడ్డీ మొదలగును.

రాలిన బియ్యపుగింజలను ఏరుకొనుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, ధర్మపత్ని లక్కమ్మ ఆ యధికమును తీసికొన్నచోటనే పోసిరమ్మని పంపినదని శరణుల కథ. బ్యాంకు ఇచ్చిన పరిమితి మన సంపద కాదు. నెలాఖరున పూర్తిగా తీర్చగలిగినంతయే మన పరిమితి యని ప్రతి కుటుంబమును గుర్తించవలెను.