గేరు తగ్గించడం నామోషీ కాదు

మోం వాంతూ కొండ ఎక్కే దారిలో మొదటి ఆరు కిలోమీటర్లు మనిషిని నమ్మించి మోసం చేస్తాయి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతంలో, చుట్టూ పల్లపు పొలాల మధ్య 1,909 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడ్డ కొండ అది. దాని పాదాల దగ్గర బెద్వాన్ అనే ఊరు. అక్కణ్ణించి సైకిలెక్కి బయల్దేరితే ద్రాక్షతోటలు, చెర్రీ చెట్లు, ఎత్తు పెద్దగా తెలియని రోడ్డు. కాళ్ళలో సత్తువ ఉంటుంది, పొద్దుటి గాలి చల్లగా ఉంటుంది, ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. సాంత్ ఎస్తెవ్ దగ్గర రోడ్డు ఎడమకు తిరిగి అడవిలోకి దూరుతుంది. అసలు కొండ అక్కడ మొదలు. తొమ్మిది, పది శాతం వాలు. అంటే వంద మీటర్లు ముందుకు పోయేలోగా తొమ్మిది, పది మీటర్లు పైకి ఎక్కాలి. అదీ ఒకటి రెండు మలుపులు కాదు, ఊపిరి సలపనివ్వకుండా దాదాపు పది కిలోమీటర్లు. కింద ద్రాక్షతోటల్లో పక్కవాడి వెనకే అంటుకుని దూసుకుపోయినవాళ్ళు ఆ చెట్ల నీడలో సైకిలు దిగి నడిపించుకుంటూ కనిపిస్తారు. వాళ్ళేమీ బలహీనులు కారు. తమ బలాన్ని పక్కవాడి లెక్క ప్రకారం ఖర్చుపెట్టారు, అంతే. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు.

ఈ కొండ కనిపించే దూరంలోనే, ఊటబావులకూ ఫౌంటెన్లకూ పేరుపడ్డ పెర్న్ అనే ఊళ్ళో 1853లో పాల్ ద వివీ పుట్టాడు. సైకిల్ లోకం ఆయన్ని ‘వెలోసియో’ అనే కలంపేరుతోనే గుర్తుపెట్టుకుంది. సాంత్ ఎతియెన్ నగరంలో పట్టు వ్యాపారం చేసి, సైకిలు మీద మోజుతో దాన్ని వదిలేసి సైకిల్ దుకాణం పెట్టాడు. 1887లో ఒక సైకిల్ పత్రిక మొదలుపెట్టాడు. రోన్ నది లోయ వెంట దిగి ప్రొవాన్స్‌కు రావడం, కనుమలు దాటడం, మళ్ళీ ఇంటికి తొక్కుకుంటూ పోవడం ఆయనకు జీవితాంతం సాగిన అలవాటు. డెబ్బై దాటాక కూడా మానలేదు.

ఆయన కాలంలో సైకిలుకు ఒకటే గేరు. కొండ వస్తే లేచి నిలబడి, పళ్ళు బిగించి తొక్కాలి. అదే మగతనమని లెక్క. వెలోసియో మాత్రం ఒకే మనిషి, ఒకే రోజు, మైదానంలోనూ కొండమీదా ఒకే గేరుతో ఎందుకు తొక్కాలి అని అడిగాడు. గేర్లు మార్చే ఏర్పాట్లను తానే తయారుచేసి, తొక్కి చూసి, తన పత్రికలో వాటికోసం ఏళ్ళతరబడి వాదించాడు. అవతల టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు ఈ గేర్లంటే చిన్నచూపు. అవి నలభై అయిదు దాటినవాళ్ళకే, కండబలంతో గెలిచేవాళ్ళకు అక్కర్లేదు అన్నది ఆయన అభిప్రాయం. 1903లో మొదలైన ఆ పందెంలో గేర్లు మార్చే డెరైలర్‌ను 1937 దాకా రానివ్వనేలేదు. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్ళు. ఈరోజు ఆ పందెం తొక్కే ప్రతి ఛాంపియన్ సైకిలుకూ ఆయన అడిగినదే ఉంది.

గేరు పని చేసే తీరు దగ్గరగా చూడండి. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి 50 పళ్ళు, వెనక చక్రం దగ్గర 11 పళ్ళు ఉంటే, పెడల్ ఒక్కసారి తిప్పితే చక్రం నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. సైకిలు తొమ్మిదిన్నర మీటర్లు పోతుంది. ముందు 34, వెనక 34 వేస్తే ఒక తిప్పుకు ఒకటే చుట్టు, రెండు మీటర్ల చిల్లర. నిమిషానికి డెబ్బైసార్లు తిప్పితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల లోపే. పరుగెత్తే మనిషి దాటిపోయే వేగం అది. కానీ మోకాళ్ళు బతుకుతాయి, ఊపిరి అందుతుంది, పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడగలం. బెద్వాన్ నుంచి పైదాకా ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఆ చిన్న గేరుతో ఆగకుండా తొక్కితే మూడు గంటల లోపు శిఖరం మీద ఉంటాం. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దవాళ్ళు అన్నారు. మెల్లగా వెళ్ళి పాలే తాగొచ్చని ఈ పళ్ళచక్రాలు చూపిస్తాయి.

చిన్న గేరు వేసుకోవడం ఒకటి, దారి మార్చుకోవడం ఇంకొకటి. వ్యక్తిత్వ వికాసం పేరుతో మనం వినే మాటల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయని నా అనుమానం. ఒకరు ‘ఎంత కష్టమైనా తగ్గొద్దు’ అంటారు, ఇంకొకరు ‘ఒత్తిడి వద్దు, వదిలెయ్’ అంటారు. ఇదే కొండమీద ఆ తేడాను కళ్ళకు కట్టినట్టు చూపిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1336 ఏప్రిల్ 26న ఇటలీ కవి పెట్రార్క్ తన తమ్ముడితో కలిసి ఉత్తరం వైపు మలోసెన్ ఊరి నుంచి మోం వాంతూ ఎక్కాడు. ఆ సంగతి ఒక ఉత్తరంలో వివరంగా రాశాడు. తమ్ముడు నిటారు దారినే పట్టుకుని పైకి పోయాడు. పెట్రార్క్ మాత్రం సులువైన బాట దొరుకుతుందేమోనని లోయల్లోకి దిగి చుట్టూ తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ ఎత్తు పెరగలేదు, అలసట పెరిగింది. తమ్ముడు పైన కూర్చుని విశ్రాంతి తీసుకుంటుంటే ఈయన రొప్పుతూ చేరుకునేవాడు. తెలిసి కూడా మళ్ళీ అదే చేశాడట. చివరికి తనమీద తనకే కోపమొచ్చి, ఒకచోట కూర్చుని, శరీరం కొండ ఎక్కినట్టే మనసు ఎక్కవలసిన ఎత్తు గురించి ఆలోచించాడు.

గ్రూప్స్‌కో, సివిల్స్‌కో చదివే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఈ ఉత్తరమే గుర్తొస్తుంది. సబ్జెక్టు గట్టిపడగానే ఆప్షనల్ మార్చేస్తారు, కోచింగ్ మార్చేస్తారు, పుస్తకాలు మార్చేస్తారు. అది లోయలోకి దిగడం. అదే సబ్జెక్టుతో రోజుకు పద్నాలుగు గంటలు కూర్చుని మూడోవారానికి మంచమెక్కేవాళ్ళది ఒకే గేరు మొండితనం. రోజుకు అయిదు గంటలు, అదే సబ్జెక్టు, ఏ రోజూ మానకుండా కూర్చునేవాళ్ళు బయటికి నెమ్మదిగా కనిపిస్తారు. అడవిలో వాళ్ళు సైకిలు దిగరు. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ళకూ, నలభై దాటాక నడక మొదలుపెట్టినవాళ్ళకూ, అప్పు తీర్చుకుంటున్న కుటుంబానికీ ఇదే లెక్క పనికొస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దూరం తొక్కేవాళ్ళకు వెలోసియో ఏడు సూత్రాలు చెప్పాడు. వాటి సారం: తక్కువసార్లు ఆగు, కొద్దిసేపే ఆగు. ఆకలి వెయ్యకముందే తిను, దాహం కాకముందే తాగు. తిండీ నిద్రా పోయేంత అలసిపోకు. చలి వెయ్యకముందే కప్పుకో, ఉక్క పోయకముందే విప్పు. ప్రయాణంలో ఉన్నన్నాళ్ళయినా మాంసం, మద్యం, పొగాకు మానుకో. నీ శక్తికి లోబడే తొక్కు, ముఖ్యంగా మొదటి గంటల్లో. ఏడోది నాకు అన్నిటికన్నా ఇష్టం: గొప్పకోసం ఎప్పుడూ తొక్కకు.

ఇవి ఇంట్లో కూర్చుని అల్లిన నీతులు కావని ప్రొవాన్స్ లోయల్లో ఒక్కరోజు తిరిగితే తెలుస్తుంది. అక్కడి పాత ఊళ్ళు కొండల కొమ్ముల మీద ఉంటాయి. దోపిడీలకు అందకుండా, సాగునేల వృథా కాకుండా అలా కట్టుకున్నారు. ఆకలి మాత్రం లోయలో వేస్తుంది. మోం వాంతూకు ఉత్తరాన తూలురాంక్ నది లోయ నుంచి బ్రాంత్ ఊరికి చేరాలంటే చివర్లో మళ్ళీ ఎక్కుడే. ఊరు చేరాక తిందాంలే అనుకుని ఖాళీ కడుపుతో వెళ్ళినవాడికి కాళ్ళు హఠాత్తుగా సహకరించవు, కళ్ళు తిరుగుతాయి. తీరా చేరాక మధ్యాహ్నం కొట్లు మూసేసి ఉంటాయి, మళ్ళీ మూడు ప్రాంతానికే తీస్తారు. అందుకే తెలిసినవాళ్ళు పొద్దున్నే బేకరీలో రొట్టె కొని హ్యాండిల్ సంచిలో పెట్టుకుంటారు, గంటకోసారి తుంచి నోట్లో వేసుకుంటారు. సత్తువ అయిపోయాక నింపుకోవడం కంటే అయిపోకుండా చూసుకోవడం ఎంత సులువో ఆ రొట్టెముక్క చెబుతుంది. మన ఉద్యోగుల్లో ఎంతోమంది ఆస్పత్రి మంచం మీద పడ్డాకే సెలవు పెడతారు.

గాలి సంగతి వేరే చెప్పాలి. ఉత్తరం నుంచి రోన్ లోయలోకి దిగే గాలిని మిస్త్రాల్ అంటారు. అది లేస్తే ఎదురు తొక్కడం మనిషి వశం కాదు. అక్కడి రైతులు పొలాలకు ఉత్తరం వైపు సరుగుడులా నిటారుగా పెరిగే సైప్రస్ చెట్లను వరసగా నాటారు. ఇళ్ళ ఉత్తరపు గోడకు కిటికీలు దాదాపు పెట్టరు. ఇక చర్చి గంటల గోపురాలు చూడాలి. చాలా ఊళ్ళలో గోపురం కొస రాతితో మూసి ఉండదు, దాని బదులు ఇనప కడ్డీలతో అల్లిన బోను ఉంటుంది. గాలి కడ్డీల సందుల్లోంచి పోతుంది, గంట నిలబడి ఉంటుంది. వందల ఏళ్ళు గాలితో కాపురం చేసిన జనం కనిపెట్టిన ఉపాయం అది. లెమాన్ సరస్సు నుంచి సముద్రం దాకా 815 కిలోమీటర్లు సాగే ‘వియారోనా’ సైకిల్ దారిని ఎక్కువమంది ఎగువ నుంచి దిగువకే తొక్కుతారు. వీపున గాలి ఉంటుందని.

వెలోసియో వేసిన బాట మన హైదరాబాద్ దాకా వచ్చింది. ఇక్కడి కుర్రాళ్ళు, నడివయసువాళ్ళు, ఆడవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరి తొక్కే ‘బ్రెవె’ అనే దూరప్రయాణాలకు నిబంధనలు పారిస్‌లోని ఓడాక్స్ క్లబ్బువి. ఈస్టర్ రోజుల్లో ప్రొవాన్స్‌కు చేరేలా ‘ఫ్లెష్ వెలోసియో’ అనే 24 గంటల జట్టు ప్రయాణాన్ని నడిపేది కూడా ఆ క్లబ్బే. 200 కిలోమీటర్ల బ్రెవెకు గడువు 13 గంటల 30 నిమిషాలు. ఏడున్నర గంటల్లో వచ్చినవాళ్ళకూ, గడువుకు అయిదు నిమిషాల ముందు వచ్చినవాళ్ళకూ ఒకటే గుర్తింపు. ర్యాంకులుండవు. మార్కుల జాబితాలో పేరెక్కడుందో వెతుక్కుంటూ పెరిగిన మన పిల్లలకు ఏడాదికొక్కసారైనా ఇలాంటి పని ఒకటి కావాలి.

మోం వాంతూ ఎక్కాలనుకుంటే మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. చలికాలంలో పై రోడ్డు మూసేస్తారు. ముందురోజు నెస్క్ నది లోయ తొక్కండి. రెండు మూడు శాతం వాలుతో, రాతిని తొలిచిన చిన్న సొరంగాల గుండా, ఒక పక్క అగాధంతో ఆ రోడ్డు సో అనే ఊరి వైపు తీసుకుపోతుంది. రాత్రి సోలోనే ఉండి, మర్నాడు అక్కణ్ణించే కొండ ఎక్కండి. ఇరవై ఆరు కిలోమీటర్లు, వాలు సగటున నాలుగున్నర శాతమే. షలే రెనార్ అనే చోట బెద్వాన్ దారి వచ్చి కలుస్తుంది. అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు చెట్టు నీడ లేని తెల్లటి రాళ్ళ గుట్ట. షలే రెనార్ దగ్గరే గాలి సైకిలును పక్కకు నెడుతుంటే ఒక కాఫీ తాగి, జాకెట్టూ గ్లవ్స్ తొడుక్కుని, వచ్చిన దారినే దిగిపోండి.