జుట్టు రాలుటకు కారణమెక్కడ?

జుట్టు రాలుట ప్రాణాపాయము గాదు, నొప్పియు లేదు. అందుచేత వైద్యగ్రంథములలో దానికి చివరి పుటలే దక్కును. కాని 2025వ సంవత్సరము జనవరి నెలాఖరున మా బోర్డింగులోని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తలకు ఓణీ చుట్టుకొని, అందఱును లేచిపోయిన తరువాత భోజనశాలకు వచ్చి ఒంటరిగా తినుటను రెండు వారములు చూచినవారము గనుక, దానిని చిన్న సంగతి యని మేమిక ననజాలము. ఆమెకు ఏమి జరిగెనో, దానికి కారణము వెదకుటలో మేము ఎక్కడ పొరబడితిమో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును చెప్పుట మా విధి యని తలంచి యీ పాఠము వ్రాయుచున్నాము.

సంక్రాంతి సెలవులు ముగిసి బాలికలు తిరిగి వచ్చిన కొలది దినములకే ఆమెకు జుట్టు రాల నారంభించెను. దువ్వినప్పుడెల్ల దువ్వెన నిండ వెండ్రుకలు వచ్చుచుండెను. తలంటుకొన్ననాడు స్నానపుగది తూము మూసికొనిపోయెను. ఆమె రాలిన జుట్టును ఉండగా చుట్టి, ఎవరి కంటను బడకుండ పెట్టె యడుగున దాచుకొనుచుండెనని తరువాత తెలిసినది. తోటి బాలికలలో కొందఱు క్రొత్త సబ్బు వలన ననిరి. కొందఱు బావినీటి వలన ననిరి. ఒకతె దిష్టి యనెను.

ఆ దినములలోనే మహారాష్ట్రమునుండి యొక వార్త పత్రికలలో వచ్చుచుండెను. బుల్ఢాణా జిల్లా షేగావ్ తాలూకాలోని బోండ్‌గావ్, కల్వడ్, హింగ్ణా మొదలగు గ్రామములలో జనులకు మొదట తల దురదపెట్టి, మూడు నాలుగు దినములలోనే బట్టతల యగుచున్నదని ఆ వార్త. అక్కడివారు దానికి ‘టక్కల్ వైరసు’ అని పేరుపెట్టుకొనిరి. అది వైరసు గాదని తరువాత తేలెను గాని, పేరు మాత్రము మా బోర్డింగులోనికి ముందే వచ్చి చేరెను. వచ్చిన మఱునాడే ఆ బాలిక ప్రక్క మంచము ఖాళీ యయ్యెను. ఆమె దువ్వెన తగిలినవారు చేతులు కడుగుకొనిరి.

పెద్దలమైన మేమును తక్కువ తినలేదు. బావి తోడించితిమి, సబ్బు మార్పించితిమి, జాగ్రత్త యను పేర ఆమెను వేఱు గదిలో పరుండబెట్టితిమి. ఈ కడపటి పని అన్యాయము. నీటిని అనుమానించుట మాత్రము వట్టి మూఢత్వము గాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో జనుల నడుములు వంగిపోవుటకు బావినీటిలోని ఫ్లోరైడు కారణమని షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును కనుగొని ప్రకటించిరి. నల్లగొండ వారికిని ఆ బాధ తెలియనిది గాదు. అయినను, బోర్డింగులోని వారందఱును ఒకే బావినీరు త్రాగుచుండగా ఒక్కతెకే జుట్టు రాలుటేమి యను ప్రశ్న మాకు అప్పుడు తోచవలసినది. తోచలేదు.

ఇక వెండ్రుక సంగతి కొంత తెలిసికొందము. మన తలమీద సుమారు 1,00,000 వెండ్రుకలుండును. అవి పైరువలె అన్నియు ఒక్కసారి పెరిగి ఒక్కసారి కోతకు వచ్చునవి గావు. ఒక్కొక్క వెండ్రుక తన కుదుటిలో 2 మొదలు 6 సంవత్సరముల వఱకు, నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగును. తరువాత రెండు మూడు వారములలో పెరుగుదల ఆగిపోవును. ఆగిన వెంటనే రాలదు. సుమారు 3 నెలలు అట్లే కుదుటిలో నిలిచియుండి, క్రింద క్రొత్త వెండ్రుక బయలుదేరుచుండగా ఊడిపోవును. ఆరోగ్యము గలవారి తలలో పదింట తొమ్మిది వంతుల వెండ్రుకలు పెరుగుచుండును. తక్కినవి విశ్రాంతిలో నుండును. దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట అందఱికిని సహజమే.

దేహమునకు గట్టిదెబ్బ యేదైన తగిలినప్పుడు, అనగా తీవ్రజ్వరమో, శస్త్రచికిత్సయో, చాలినంత తిండి లేకపోవుటయో సంభవించినప్పుడు, పెరుగుచున్న వెండ్రుకలలో పెక్కు ఒక్కమారుగా పెరుగుట మాని విశ్రాంతిలోనికి పోవును. కాని అవి ఆనాడు రాలవు. రెండు మూడు నెలలు కుదుటిలోనే యుండి, రోగియు ఇంటివారును జబ్బును మఱచిన పిదప గుంపుగా రాలును. వైద్యులు దీనిని టెలోజెన్ ఎఫ్లూవియము అందురు. ప్రసవమైన మూడవ నాల్గవ నెలలో తల్లులకు జుట్టు రాలుట దీని వలననే. బిడ్డ నవ్వ నేర్చిన నెలలలో తల్లికి జుట్టు పోవునని మన యిండ్లలో పెద్దవారు చెప్పుకొను మాటలో బిడ్డ నవ్వునకు దోషము లేదు గాని, నెలల లెక్క మాత్రము సరిపోయినది. 2020, 2021 సంవత్సరములలో కోవిడు జ్వరము తగ్గిన కొన్ని నెలలకు జుట్టు పోయెనని అనేకులు వైద్యులయొద్దకు పోయిరి, అదియు నిట్టిదే.

కాబట్టి ఇట్టి రోగియొద్ద ‘నిన్న ఏమి తింటివి, మొన్న ఏ సబ్బు వాడితివి’ అని అడిగి ప్రయోజనము లేదు. మూడు నెలల క్రిందట ఏమి జరిగినదని అడుగవలెను. మేము నిన్న మొన్నటి సంగతులే అడిగితిమి.

ఫిబ్రవరి మొదటివారమున ఆ బాలిక తల్లి వచ్చినది. చదువు చాలించి యింటికి తీసికొనిపోవుటకే వచ్చినది. పిల్లయే అట్లు వ్రాసినదట. నర్సమ్మగారు ఆమెను కూర్చుండబెట్టి, “పిల్లకు ఈమధ్య జబ్బేమైనా చేసిందా అమ్మా?” అని యడిగిరి.

“ఈమధ్యన ఏమీ లేదండి.”

“దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడో?”

“దసరాకా? అప్పుడు టైఫాయిడు వచ్చి మూడు వారాలు మంచాన పడిందండి. అది ఎప్పుడో తగ్గిపోయింది కదండీ!”

దసరాకు జ్వరము, సంక్రాంతికి జుట్టు. సెలవులు ముగిసినను ఆ బాలిక రాలేకపోయినందుకు తండ్రి వ్రాసిన చీటీ మా కార్యాలయపు దస్త్రములోనే యుండెను. బావి తోడించుటకు ముందు ఆ దస్త్రము విప్పినయెడల సరిపోయెడిది.

ఆనాడే ఆమెను వైద్యశాలకు తీసికొనిపోయితిమి. డాక్టరుగారు తల చర్మమును వెలుతురున పరీక్షించిరి. ఎక్కడను పొలుసులు గాని, వాపు గాని లేవు. ఒకచోట గుండ్రముగా బోడియగుట లేదు. తలయంతట సమముగా పలుచబడినది. అట్లుగాక నున్నని గుండ్రని మచ్చలుగా జుట్టు పోయినయెడల అది వేఱు వ్యాధి. మనవారు దానిని పేనుకొరుకుడు అందురు. పాపము, పేనునకు దానితో సంబంధమే లేదు; దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపాటున వెండ్రుక కుదుళ్లమీద తిరుగబడుట వలన అది కలుగును. అదియు అంటువ్యాధి గాదు. పొలుసులతో, తెగిన వెండ్రుకలతో గూడిన తలతామర మాత్రము దువ్వెనల ద్వారా అంటుకొనును, చిన్నపిల్లలలో తఱచు. రక్తహీనత వలనను, కంఠమందలి థైరాయిడు గ్రంథి లోపము వలనను జుట్టు పలుచబడును గనుక రక్తపరీక్షయు చేయించిరి. అందు దోషము కనబడలేదు. బిగించి వేసిన జడల వలన కణతలయొద్ద జుట్టు పోవుటయు కలదు. రెండు జడలు వేసి రిబ్బను బిగించి కట్టవలెనను నియమమును ఈ కారణముచేత మేము కొంత సడలించితిమి.

పాఠశాలకు వచ్చిన పిదప డాక్టరుగారు చూపిన విధముననే మేము ఆమె రాలిన వెండ్రుకలను తెల్లకాగితముపై పఱచి, భూతద్దముతో తరగతిలోని వారందఱికిని చూపితిమి. ఆమె యనుమతి గైకొని చేసితిమని వేఱుగా చెప్పనక్కఱలేదు. ప్రతి వెండ్రుక మొదటను తెల్లని చిన్న బొడిపె యుండెను. కుదుటిలో విశ్రాంతి ముగించుకొని రాలిన వెండ్రుకకు అది గుఱుతు. అటుపిమ్మట ఆ బాలిక ప్రక్క మంచము మఱల నిండెను. మేము ఎవరిని గాని ఆజ్ఞాపింపలేదు.

అయితే ఒక తెలివిగల పిల్ల మమ్ము ప్రశ్నించెను: మూడు నెలలు పట్టునని చెప్పితిరే, షేగావులో మూడు దినములలో ఎట్లు పోయెను? ఇది మంచి ప్రశ్న. దానికి జవాబు ఏమనగా, కొన్ని విషములు వెండ్రుకను విశ్రాంతికి పంపక, పెరుగుచున్న దానినే కుదుటిలో కొట్టును. అప్పుడు మూడు నెలల గడువు ఉండదు. ఎంత కాలమునకు రాలెనను లెక్కయే కారణపు జాడను చూపుచున్నది.

షేగావ్ గ్రామములలో కారణము తేలుట అంత సులభముగా జరుగలేదు. పదునెనిమిది గ్రామములలో 279 మందికి జుట్టు పోయినదని పత్రికలు వ్రాసినవి. మొదట శిలీంధ్రమనిరి; పిమ్మట నీటిని పరీక్షింపగా అందు నైట్రేటులును లవణములును హెచ్చుగా నుండెను గాన నీరే యనుకొనిరి. పెండ్లిసంబంధములు చెడినవి, పిల్లలు బడి మానిరి, కొందఱు సిగ్గుచేత తామే గుండు చేయించుకొనిరి. భారతీయ వైద్య పరిశోధనా మండలి వారు వచ్చి రక్తము మొదలగు వానిని పరీక్షకు గొనిపోయిరి. రాయగఢ్ జిల్లా మహాడ్‌లో వైద్యముచేయు డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ గారు, తేలుకాటుకు చికిత్స కనుగొన్న ప్రఖ్యాతుడు, తాముగా ఆ గ్రామములకు వెళ్లి విచారించిరి. రోగుల రక్తమునందును, మూత్రమునందును, వెండ్రుకలయందును సెలీనియము అను మూలకము మితిమీరి యున్నదనియు, చౌకధరల దుకాణమున వారికి లభించిన గోధుమలలో కిలో 1కి 14 మిల్లీగ్రాములకు పైగా ఆ మూలకమున్నదనియు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిరి. ఆ గోధుమలు పంజాబునుండి వచ్చినవని వారు చెప్పిరి. పంజాబులో శివాలిక్ కొండల దిగువనున్న హోషియార్‌పుర్, నవాన్‌షహర్ ప్రాంతములలో కొన్ని నేలలయందు సెలీనియము అధికమని వ్యవసాయ శాస్త్రజ్ఞులకు మునుపే తెలియును. అచ్చటి మేత తిన్న పశువులకు రోమములు రాలి, గిట్టలు ఊడెడివి.

మా విద్యార్థులు లెక్క వేయవచ్చును. పెద్దవారికి దినమునకు వలసిన సెలీనియము 55 మైక్రోగ్రాములు, 400 దాటరాదు. దినమునకు 300 గ్రాముల గోధుమలు రొట్టెలుగా తినువానికి ఆ గోధుమలలోనుండి 4,000 మైక్రోగ్రాములకు పైగా చేరును. చైనాదేశపు హూబే రాష్ట్రమున ఎన్షీ అను చోట 1961 మొదలు 1964 వఱకు ఇట్టిదే సంభవించెను. వానలు లేక వరి పోగా, జనులు ఆ నేలనే పండిన మొక్కజొన్నలను, కూరలను మిక్కుటముగా తినిరి. ఆ నేలకు సమీపపు రాతిబొగ్గునుండి సెలీనియము చేరియుండెను. మిక్కిలి బాధపడిన అయిదు పల్లెలలో ఇంచుమించు సగము మందికి జుట్టును గోళ్లును పోయెను. వారు దినమునకు తినినది సుమారు 5 మిల్లీగ్రాములని తరువాత లెక్కగట్టిరి. రెండు దేశముల లెక్కలు ఎంత దగ్గఱగా నున్నవో చూడుడు.

రసాయనశాస్త్రము చదువు పదవ తరగతివారు ఆవర్తన పట్టిక విప్పిన, గంధకమునకు సరిగా క్రింది గడిలో సెలీనియము కనబడును. వెండ్రుకయు గోరును కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినవి. అందు గంధకము గట్టిదనమిచ్చును. ఆ చోట సెలీనియము చొరబడుట వలన కట్టు చెడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గోరు మెల్లగా పెరుగును గనుక దాని పాడు ఆలస్యముగా బయటపడును. 2025 ఏప్రిల్ నెలలో ఆ గ్రామములలోనే కొందఱికి గోళ్లు వంకరపోయి ఊడుచున్నవను వార్త వచ్చినప్పుడు మేము ఆశ్చర్యపడలేదు.

నూనెల విషయమై ఒక మాట. జ్వరము పిదప రాలిన జుట్టు, వేఱు దోషము లేనియెడల, ఆఱు నెలలలో తనంతట తగ్గి తిరిగి మొలచును. ఆ ఆఱు నెలలలో ఏ నూనె రాచినను ఆ కీర్తి నూనెకు పోవును. ఆ బాలిక తండ్రి అప్పుచేసి మూడు సీసాలు కొనెను. ఆ సొమ్ముతో గ్రుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనియుండిన జ్వరముచేత చిక్కిన దేహమునకు మేలు కలిగియుండెడిది. తిరుమలలో తలనీలాలు సమర్పించిన పిల్లలకు అదే కుదుటినుండి జుట్టు తిరిగి వచ్చుట మనమందఱము చూచినదే. వెండ్రుక పోయినంతమాత్రమున కుదురు చావదు.

ఆమె చదువు మానలేదు. ఫిబ్రవరి చివరకు రాలుట తగ్గినది. నుదుటి అంచున పొట్టి వెండ్రుకలు దట్టముగా మొలచినవి. తరగతిలో నెలకొకసారి స్కేలుతో కొలిచి నోటుపుస్తకమున వ్రాసికొనుట వాడుకయైనది: మార్చి నెలాఖరున 2 సెంటీమీటర్లు, ఏప్రిల్ పరీక్షల చివరినాడు దాదాపు 3. అవి జడలో ఇముడక నిక్కి నిలుచుచుండెను గాన, ఉదయపు గంట మ్రోగులోపల వానిని తడిచేత్తో అణచి పెట్టుటకు ప్రక్క మంచపు పిల్లకు ప్రతిదినమును పనియే.