కంచరగాడిదలు ఎక్కిన రైలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లీహై నది ఒడ్డున, కొండల నడుమ మాక్ చంక్ అనే ఊరు ఉండేది. లెనాపీ అనే ఆదివాసుల భాషలో ఆ పేరుకు ఎలుగుబంట్ల చోటు అని అర్థం. అక్కడికి సుమారు 14 కిలోమీటర్ల దూరాన సమ్మిట్ హిల్ అనే కొండమీద నేలబొగ్గు గనులు ఉండేవి. బొగ్గు కొండమీద, దానిని ఫిలడెల్ఫియా నగరానికి చేర్చే పడవలు కొండ కింద! ఈ రెంటినీ కలపడమే గని యజమానులకు పెద్ద చిక్కయింది.

1827లో లీహై కోల్ అండ్ నావిగేషన్ కంపెనీ, పాత బండ్ల బాట వెంబడే కొయ్య పట్టాలు పరచి, వాటిపై ఇనుప బద్దలు బిగించింది. ఈ రైలుకు ఇంజను లేదు. దారి అంతా వాలు కావడం వల్ల బొగ్గు నింపిన పెట్టెలు తమ బరువుతో తామే దొర్లుకుంటూ అరగంటలో కిందికి చేరేవి. వేగాన్ని అదుపు చేయడానికి ఒక మనిషి బ్రేకు పట్టుకొని వెంట వచ్చేవాడు.

దిగడం సరే, ఖాళీ పెట్టెలు మళ్ళీ కొండ ఎక్కాలి గదా! ఆ పని కంచరగాడిదలది. వాటిని పైకి లాగడానికి మూడు నాలుగు గంటలు పట్టేది. గాడిదలు నడిచి దిగితే కాలం వృథా అవుతుందని, వాటిని కూడా వేరే పెట్టెలలో ఎక్కించి దించేవారు. అవి దారిలో మేత మేస్తూ హాయిగా వచ్చేవి. ఈ సుఖం మరిగిన గాడిదలు, నడిచి దిగమంటే ఎంత అదిలించినా అడుగు కదపలేదట! దానిని మొండితనం అనుకోవచ్చు. కాని గంటల తరబడి బరువు లాగిన జీవాలకు దొరికే విశ్రాంతి ఆ కాసేపే.

బొగ్గుకు గిరాకీ పెరిగేకొద్దీ గాడిదల బలం చాలలేదు. 1840ల నడుమ కంపెనీ తిరుగుదారిని వేరుగా నిర్మించింది. పిస్గా కొండపైకి సుమారు 700 మీటర్ల పొడవున పట్టాలు వేసి, కొండకొమ్మున ఆవిరియంత్రాన్ని నిలిపారు. యంత్రం ఇనుప పట్టీలతో లాగే ఒక చిన్న బండి, ఖాళీ పెట్టెలను వెనుకనుంచి నెట్టుతూ 200 మీటర్ల ఎత్తుకు చేర్చేది. పట్టీ తెగినా బండి వెనక్కి జారకుండా దారి పొడవునా పళ్ళ కమ్మీ అమర్చారు. అక్కడినుంచి కొంతదూరం వాలు. జెఫర్సన్ కొండ వద్ద మరొక యంత్రం. ఆపైన గనిదాకా మళ్ళీ వాలే. గాడిదలకు ఆ పని తప్పింది, ఆ సవారీ కూడా తప్పింది.

1872లో సొరంగం గుండా వేసిన కొత్త రైలుదారికి బొగ్గు రవాణా మారింది. పాత దారి సరదా ప్రయాణాలకు మిగిలింది. 1884లో కోనీ ఐలండ్‌లో థాంప్సన్ నెలకొల్పిన రోలర్ కోస్టర్‌కు ఇదే ప్రేరణ అని చెబుతారు. 1930ల ఆర్థికమాంద్యంలో ఈ దారి మూతపడింది. 1937లో పట్టాలను తుక్కు కింద అమ్మివేశారు. 1954లో ఊరు కూడా ఒలింపిక్ క్రీడాకారుడు జిమ్ థోర్ప్ పేరు పెట్టుకొన్నది. పట్టాలు పోయిన ఆ బాటమీద ఇప్పుడు జనం నడుస్తున్నారు, సైకిళ్ళు తొక్కుతున్నారు.