ఫ్లీట్‌వుడ్ వాకర్

బేస్‌బాల్ అమెరికా ప్రజలకు మిక్కిలి ప్రియమైన ఆట. క్రికెట్టులో వికెట్ కీపరువలె, అందు బంతి కొట్టువాని వెనుక నుండి బంతిని పట్టువాడు క్యాచరు. ఎట్టి బంతి విసరవలెనో సంజ్ఞ చేయువాడును అతడే.

మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ 1856లో ఒహాయో రాష్ట్రమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఓబర్లిన్ కళాశాలలో చదివెను. 1884లో టొలీడో జట్టు క్యాచరుగా అగ్రశ్రేణి పోటీలలో 42 ఆటలాడెను. నేటివంటి మందపు చేతితొడుగులు నాడు లేవు. పలుమారులు వట్టిచేతులతోనే బంతిని పట్టెడివాడు. అంతకంటె దుస్సహమైన కష్టము వేరొకటి కలదు. తన జట్టువాడే యైన టోనీ మల్లేన్ అతని సంజ్ఞలను లెక్కింపక తోచినట్లు బంతి విసరుచుండెను. ఏ బంతి ఎట్లు వచ్చునో తెలియకయే వాకర్ పట్టవలసివచ్చెను! తనతో ఆడిన క్యాచరులలో వాకరే మేటి యనియు, అతడు నల్లవాడగుటచే తానట్లు చేసితిననియు మల్లేన్ 1919లో ఒప్పుకొనెను. ముప్పదియైదేండ్లకు వెలువడిన సత్యమది!

1887లో వాకర్ ఇంటర్నేషనల్ లీగునందలి న్యూవార్క్ జట్టున నుండెను. జూలై 14న ఆ లీగు యజమానులు ఇకపై నల్లజాతివారితో ఒప్పందములు చేసికొనరాదని తీర్మానించిరి. 1889తో వాకర్ వృత్తిక్రీడ ముగిసెను. అగ్రశ్రేణి పోటీలలో నల్లజాతివానికి మరల చోటు దొరకినది 1947లో, జాకీ రాబిన్సనుకు. అది చూచుటకు వాకర్ లేడు; 1924లోనే కన్నుమూసెను.