స్వతంత్ర వెబ్ డిజైనర్ ఎంపిక

ఇల్లు కట్టదలచినవారికి మేస్త్రీ ఎంత అవసరమో, వెబ్‌సైట్ నిర్మించుకోదలచినవారికి డిజైనర్ అంత అవసరం. ఏ సంస్థలోనూ ఉద్యోగిగా చేరక, ఒక్కొక్క పనికి ప్రతిఫలం మాట్లాడుకొని పనిచేసే నిపుణుణ్ణి ఫ్రీలాన్స్ డిజైనర్ అంటారు. పెద్ద కంపెనీల రుసుము భరించలేని చిన్న సంస్థలు ఇటువంటివారిని ఆశ్రయిస్తాయి. అయితే ఎంపికలోనూ ఒప్పందంలోనూ జాగ్రత్త వహించకపోతే చిక్కులు తప్పవు.

చీరలు అమ్మదలచిన ఒక చేనేత సహకార సంఘం మొదట తన అవసరాన్ని కాగితంపై రాసుకోవాలి. ఎన్ని పేజీలు, ఎన్ని ఫోటోలు, కొనుగోలుదారులు అక్కడే డబ్బు చెల్లించే ఏర్పాటు కావాలా అన్నవి స్పష్టమైతేనే ఖర్చును అంచనా వేయడం సాధ్యమవుతుంది. తెలుగు సమాచారం యూనికోడ్ అక్షరాలలో ఉండాలని ముందే చెప్పాలి. అక్షరాలను బొమ్మలుగా పెడితే వెదికేవారికి అవి సులభంగా దొరకవు.

తరువాత డిజైనర్ పూర్వం నిర్మించిన వెబ్‌సైట్లను కంప్యూటర్‌లోను, సెల్‌ఫోన్‌లోను తెరచి చూడాలి. వాటి యజమానులతో మాట్లాడి, గడువు పాటించారా, లోపాలను సరిదిద్దారా అని విచారించాలి. తక్కువ ధర ఒక్కటే ఎంపికకు గీటురాయి కారాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది హక్కుల విషయం. డబ్బు చెల్లించినంత మాత్రాన వెబ్‌సైట్ పూర్తిగా తమదైపోయిందని పలువురు భావిస్తారు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన ప్రోగ్రామ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. ఫ్రీలాన్సర్ రాసిన ప్రోగ్రామ్‌కు మాత్రం సాధారణంగా అతడే తొలి హక్కుదారు. ఆ హక్కు సంఘానికి బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం అతని సంతకంతో కూడిన లిఖిత పత్రం ఉండాలి. అందులో కాలపరిమితి పేర్కొనకపోతే ఆ బదిలీ 5 సంవత్సరాలకే చెల్లుతుంది. డొమైన్ పేరు కూడా సంఘం పేరిటే నమోదు కావాలి. లేనిచో డిజైనర్‌తో సంబంధం తెగిననాడు సంఘం ఇంటర్నెట్‌లో తన చిరునామానే కోల్పోయే ప్రమాదం ఉంది.

ఒప్పందం డిజైనర్‌కు కూడా రక్షణ కల్పిస్తుంది. పని పరిధి, గడువు, చెల్లింపు వాయిదాలు రాసుకొని ఉంటే అతడు అదనపు పనిని ఉచితంగా చేయవలసిన అగత్యం ఉండదు. కనుక పని ప్రారంభానికి ముందే ఒప్పందం రాసుకోవడం ఇరుపక్షాలకూ మేలు.

ప్రశ్నలు
1. డిజైనర్‌ను ఎంపిక చేసేముందు విచారించవలసిన అంశాలు ఏవి?
2. ఉద్యోగి రాసిన ప్రోగ్రామ్‌కు, ఫ్రీలాన్సర్ రాసిన ప్రోగ్రామ్‌కు హక్కుల విషయంలో గల భేదాన్ని వివరించండి.