ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాస్ సంగతి చివర చూడాలి

మే నెలలో షాద్‌నగర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ మెకానిక్‌లకు ఊపిరాడని రోజులు అవే. ఇంటికొచ్చి చూసినవాళ్లు చాలాసార్లు చెప్పే మాట, "గ్యాస్ అయిపోయింది". ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ చదివేవాళ్లు ఈ మాటను అంత తేలిగ్గా అనకూడదు. బండిలో పెట్రోలులా ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయిపోదు. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టకుండా గ్యాస్ నింపితే ఇంటివాళ్ల డబ్బు గాలికి పోతుంది. లోపం వెతికేటప్పుడు కరెంటు, గాలి, మోటారు, డీఫ్రాస్ట్ అనే వరుసలో చూసుకుంటూ రావాలి. ఇవన్నీ సరిగా ఉన్నాకే గ్యాస్ వైపు వెళ్లాలి.

కరెంటు, గాలి

మన ఇళ్లకు రావాల్సిన వోల్టేజి 230. లైను చివర ఉన్న ఇళ్లలో, బోరు మోటార్లు నడిచే వేళ ఇది బాగా పడిపోవచ్చు. అప్పుడు కంప్రెసర్ తిరగలేక గుంయ్‌మంటుంది, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ టక్‌మని తెగుతుంది. కొన్ని నిమిషాలకు చల్లారి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ "గుంయ్, టక్" వినబడితే ముందు ప్లగ్ పాయింటు దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. అదీ కంప్రెసర్ స్టార్ట్ అవుతున్న క్షణంలోనే చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 220 చూపించే లైను, లోడు పడగానే కుంగిపోవచ్చు. కరెంటు పోయి వచ్చిన వెంటనే స్టార్ట్ కాకపోవడం మాత్రం లోపం కాదు. గొట్టాల్లో పీడనాలు సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్టెబిలైజర్‌లో టైమ్ డిలే ఉండేది అందుకే.

ఇక గాలి. కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో కండెన్సర్ పక్క గోడల్లోనే దాగి ఉంటుంది. పక్కలు వెచ్చగా ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు, వేడి బయటికి పోతోందని దాని అర్థం. గోడకు ఆనించి పెడితే ఆ వేడికి దారి ఉండదు. పాత మోడళ్లలో వెనక జాలీకి పట్టిన దుమ్మును బ్రష్‌తో దులిపితేనే తేడా తెలుస్తుంది. రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాసు కూడా చదవండి. ఎన్ అంటే 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43. పరీక్షలో ఈ అంకెలు గుర్తుండాలి. మన పాలమూరు ఎండలకు టీ తరగతే తగినది.

డోరు గ్యాస్కెట్ పరీక్షకు ఒక కాగితం చాలు. డోరు సందులో పెట్టి మూసి లాగితే బిగుతుగా రావాలి, జారిపోతే గ్యాస్కెట్ వదులైనట్టు.

మోటారు పిన్నులు

మామూలు కంప్రెసర్‌కు కామన్, స్టార్ట్, రన్ అని మూడు పిన్నులుంటాయి. స్టార్ట్, రన్ మధ్య నిరోధం మిగతా రెండు నిరోధాల మొత్తానికి సమానం. ఉదాహరణకు కామన్-రన్ 12 ఓమ్‌లు, కామన్-స్టార్ట్ 25 వస్తే, రన్-స్టార్ట్ 37 రావాలి. ఏ పిన్నుకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ రాకూడదు. వైండింగ్ బాగుండి మోటారు లేవకపోతే రిలే, ఓవర్‌లోడ్ మార్చి చూడాలి.

ఇన్వర్టర్ కంప్రెసర్‌కు ఈ లెక్క పనికిరాదు. దాని మూడు వైండింగుల నిరోధం దాదాపు ఒక్కటే. పాత సూత్రం పట్టుకుని మంచి కంప్రెసర్‌ను కాలిపోయిందని తేల్చే ప్రమాదం ఇక్కడే ఉంది.

పైన ఐస్, కింద వేడి

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో విద్యార్థి బాగా పట్టుకోవాల్సిన లక్షణం ఇది. పై అరలో ఐస్ గడుతుంది, కింద పెరుగు పులిసిపోతుంది. కాయిల్ చుట్టూ మంచు గోడలా పేరుకుని, ఫ్యాను గాలి కిందికి దిగడం లేదన్నమాట. మామూలుగా కొన్ని గంటలకోసారి హీటర్ వెలిగి ఆ మంచును కరిగిస్తుంది. హీటర్, బైమెటల్, థర్మల్ ఫ్యూజ్, టైమర్ లేదా సెన్సర్, వీటిలో ఏది చెడినా ఆ పని ఆగిపోతుంది. థర్మల్ ఫ్యూజ్ ఒకసారి తెగితే మళ్లీ కలవదు, మార్చాల్సిందే. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలిస్తే డ్రెయిన్ రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. గోరువెచ్చని నీళ్లు పోస్తే చాలాసార్లు సరిపోతుంది.

కోడ్ ఏం చెబుతుంది

ఎల్‌జీ ఫ్రిజ్‌లలో "ఈఆర్ ఎఫ్‌ఎఫ్" ఫ్రీజర్ ఫ్యానుది, "ఈఆర్ డీహెచ్" డీఫ్రాస్ట్‌ది, "ఈఆర్ ఎఫ్‌ఎస్" ఫ్రీజర్ సెన్సర్‌ది. శామ్‌సంగ్‌లో 22ఈ ఫ్రిజ్ అర ఫ్యానును, 5ఈ ఆ అర డీఫ్రాస్ట్ సెన్సర్‌ను సూచిస్తాయి. మోడల్‌ను బట్టి ఇవి మారవచ్చు కాబట్టి మాన్యువల్ చూసి నిర్ధారించుకోవాలి.

కోడ్ చూడగానే ఆ భాగాన్ని కొనేయడం తప్పు. ఫ్యాను తిరుగుతున్న సంకేతం అందలేదని మాత్రమే ఫ్యాను కోడ్ చెబుతుంది. రెక్కకు ఐస్ అడ్డుపడినా, కనెక్టర్ వదులైనా అదే కోడ్ వస్తుంది. సెన్సర్లు ఎన్‌టీసీ రకం, చల్లదనం పెరిగేకొద్దీ వాటి నిరోధం పెరుగుతుంది. ఐస్ నీళ్లలో ముంచి, సున్నా డిగ్రీల దగ్గర వచ్చే ఓమ్‌లను మాన్యువల్ పట్టికతో పోల్చండి. లైటు, ప్యానెల్ వెలుగుతూ కంప్రెసర్ మాత్రం నడవకుండా "ఆఫ్" అని కనిపిస్తే, అది షోరూమ్ డెమో మోడ్ కావచ్చు. అలాంటి ఫ్రిజ్‌కు మరమ్మతే అక్కర్లేదు.

గ్యాస్ దాకా వస్తే

1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ తయారుచేసిన పాత ఫ్రిజ్‌ల కాలంలో వాడింది ఆర్12. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని తొలగించే దారి పట్టించింది. తర్వాత ఆర్134ఏ వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఇది మైనస్ 11.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మండుతుంది. దీన్ని గ్రాముల తూకంతోనే నింపాలి. గ్యాస్ లోపల ఉండగా బ్రేజింగ్ మంట దగ్గరికి తేవద్దు. సక్షన్ వైపు పీడనం వాతావరణ పీడనం కన్నా తగ్గవచ్చు కాబట్టి, అక్కడ చిల్లు పడితే బయటి గాలీ తేమా లోపలికి వెళతాయి. అలాంటప్పుడు వ్యాక్యూమ్ చేయకుండా, డ్రయర్ మార్చకుండా నింపితే పని చెడుతుంది.

పరీక్షలో అడిగే తీరు

ప్రశ్న: ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ను డోరు తీసి ఒక రోజంతా ఆపి ఉంచారు. తిరిగి ఆన్ చేస్తే కొన్ని రోజులు బాగా పనిచేసి, మళ్లీ కింది అర వేడెక్కింది. లోపం ఎక్కడ?

జవాబు: డీఫ్రాస్ట్ సర్క్యూట్‌లో. గ్యాసే తగ్గి ఉంటే ఆ కొన్ని రోజులు కూడా సరిగా చల్లబడేది కాదు.

ప్రశ్న: కాయిల్ మొదట్లో కొద్దిమేర మాత్రమే మంచు పట్టింది, మిగతాదంతా పొడిగా ఉంది. కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది. ఏమని అనుమానించాలి?

జవాబు: గ్యాస్ తగ్గిందని. ముందు లీకు వెతకాలి, నింపడం ఆ తర్వాతే.