చలివేళ సైకిలు ప్రయాణమునకు తగిన వస్త్రము

కోస్తా జిల్లాలనుండి బెంగుళూరు చేరిన మన నేత కుటుంబములవారికి డిసెంబరు, జనవరి మాసములలో చలి కొత్తగా తోచును. ఈ నగరము సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచు 15 డిగ్రీల దాపునకు దిగును. 1884 జనవరిలో 7.8 డిగ్రీలకు దిగినది. మడివాళనుండి హోసూరు రోడ్డు వెంట సైకిలుపై పనికి పోవువాడు గాలి లేని ఉదయమున సైతము ఎదురుగాలి పుట్టించుకొనును. గంటకు 15 కిలోమీటర్లు తొక్కినచో అంత వేగము గల గాలి రొమ్మునకు తగులును.

ముతక నూలు బనియను, దానిపై చొక్కా, అన్నిటికి పైన అల్లిన ఉన్ని స్వెట్టరు వేసికొనుట అలవాటు. ఈ వరుస సరికాదు. స్వెట్టరు వెచ్చదనము పోగుల నడుమ కదలక నిలిచిన గాలివలన కలుగును. అల్లిక వదులు గనుక ఎదురుగాలి సందులగుండ దూరి దానిని తరిమివేయును. బనియనో, చెమటను పీల్చి ఒంటికి అంటుకొనును. నిలిచిన గాలికంటె నీరు సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగివేయును. సిల్కుబోర్డు కూడలిలో ఎర్రదీపము ఎదుట ఆగగానే వీపు జిల్లుమనుట ఇందువల్లనే.

స్వెట్టరు లోపలికి, ఒత్తుగా నేసిన పలుచని నూలు చొక్కా పైకి రావలెను. పడుగు, పేక దట్టముగా పడిన బట్ట గాలిని చాలవరకు ఆపును, చెమట ఆవిరిని పోనిచ్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మాంచెస్టరులోని షర్లీ సంస్థవారు చల్లని సముద్రమున పడు విమానచోదకులకై వెంటైల్ అను బట్టను ఈ సూత్రముపైననే సిద్ధపరచిరి. దానికి రబ్బరు పూత లేదు. పొడుగుపింజ ప్రత్తి నూలును మిక్కిలి ఒత్తుగా నేసిరి. తడిసినపుడు నూలు ఉబ్బి సందులు మూసికొనును. తడి నూలు ఉబ్బునని మన పెద్దలెరుగనిది కాదు, వాడుకొన్నది మాత్రము వారు!

ఒంటికి తగులు బట్టకు పలుచని ఉన్ని మేలు. సాధారణపు తేమలో ప్రత్తి తన బరువులో నూటికి 8, పట్టు 11, ఉన్ని 16 పాళ్ల వరకు తేమను పోగులో దాచుకొనును. ఉన్ని ఖరీదనుకొన్నవారు పలుచని నూలు బనియనే తొడిగి, పనిచోట మార్చుటకు మరియొకటి సంచిలో ఉంచుకొనవలెను. మెడకు పట్టు తుండు చాలును.

చేతితొడుగులు మరువరాదు. వ్రేళ్లు కొయ్యబారినచో బ్రేకు సరిగా అందదు. మగ్గము చేరినపిదప తెగిన పోగు అతుకుటయు కష్టమే. పంచె కట్టువారు కుచ్చెళ్లు పైకి దోపుకొనవలెను, గొలుసు ఎవరినీ క్షమింపదు.

గుమ్మము దాటునపుడు కొంచెము చలి వేయుటే సరియైన కొలత. అప్పుడే వెచ్చగా ఉన్నచో ఒక వస్త్రము ఎక్కువైనట్లు; దానిని తీసి సంచిలో పెట్టుకొనవలెను.